స్తంభమెక్కితే మా మిద్దె కనపడేది

మొన్నామధ్య కరెంటు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం. వాళ్ళలో ఒకడు గ్లాసు కింద పెట్టకముందే అడిగాడు.

"అన్నా, సర్వీసంతా ఒకే సెక్షన్‌లో చేసినావంట. బోరు కొట్టలేదా?"

"ఈ పక్క బోర్లు చానా కొట్టినారు నాయనా, నీళ్ళే పడలేదు" అన్నాను.

నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ వాడు అడిగింది నిజమైన ప్రశ్నే. వాళ్ళందరికీ టౌన్లో పోస్టింగు కావాలి. సొంత ఊరి పక్కనే ఉద్యోగం చేయడం ఏదో తక్కువ రకం బతుకన్నట్టు మాట్లాడారు. ఆ పూట వాళ్ళకు సరైన జవాబు చెప్పలేకపోయాను. నాకు మాట నిదానంగా వస్తుంది, కోపం మాత్రం తొందరగా వస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇందులో ప్రమోషన్ల సంగతి, ఇంక్రిమెంట్ల సంగతి ఉండదు. అవి యూనియన్ వాళ్ళు నాకంటే బాగా చెబుతారు. లైన్‌మన్ పని అంటే నిజంగా ఏమిటో, అది పుట్టిన ఊళ్ళో చేస్తే ఎలా ఉంటుందో, అంతవరకే నాకు తెలుసు.

మా ఊరి తీగలు

మా ఊరు తాడిపత్రి పక్క, యాడికి అనే ఊరి దగ్గర ఒక పల్లె. నేను పుట్టింది, బడికి పోయింది, ఉద్యోగం చేసింది, ఇప్పుడు కూర్చున్నది అన్నీ ఇక్కడే. పెళ్ళికి కూడా ఊరు దాటలేదు. మా ఆవిడ నాగమ్మ మా మేనత్త కూతురు. వాళ్ళ ఇల్లు మా వెనక వీధిలోనే. ఊరేగింపు మొదలుపెట్టగానే అయిపోతుందని మా నాయన మేళగాళ్ళ చేత ఊరంతా రెండు చుట్లు తిప్పించాడు. వాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే ఆ నడక గుర్తు చేస్తారు.

మా ఊరు, చుట్టుపక్కల నాలుగైదు పల్లెలు, వాటి పొలాల్లోని బోర్లు, ఇవీ నా కింద ఉన్న లైన్లు. అందులో ఏ స్తంభం ఎక్కినా మా మిద్దె కనపడేది. ఊరి వెనక గుట్ట ఒకటుంది, దాని అవతల ఉన్న కొన్ని స్తంభాల నుంచి మాత్రం కనపడేది కాదు. మిగతా అన్నిచోట్లా పైకెక్కి నడుముకు బెల్టు వేసుకోగానే నా కళ్ళు ముందు అటే పోయేవి. నాగమ్మ మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తే ఆ ఎరుపు తెలిసేది. పొయ్యి పొగ లేస్తే ఇంకాసేపట్లో సంగటి అయిపోతుందని తెలిసేది. పని ముగించి సైకిలెక్కితే సంగటి వేడిగా ఉండగానే ఇంట్లో ఉండేవాణ్ణి. వేడి సంగటి మధ్యలో గుంత చేసి, అందులో ఊరిబిండి పచ్చడి పెట్టి నాగమ్మ పళ్ళెం ముందుకు తోసేది. అనంతపురంలో పనిచేసే నా తోటివాళ్ళు క్యారియర్లో చల్లన్నం తినే వేళ అది. ఈ సుఖాన్ని ఏ ఆర్డరులోనూ రాయరు. అయినా నేను దీన్నే పెద్ద జీతంగా లెక్కవేసుకున్నాను.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. సొంత ఊళ్ళో లైన్‌మన్‌కు ఇంటి గడప లోపల కూడా డ్యూటీయే. ఉప్పు కోసం అంగడికి పోయినా కరెంటు గురించే అడుగుతారు. ఒకసారి పెళ్ళి భోజనాల్లో ఆకు ముందు కూర్చుని ముద్ద కలిపానో లేదో, ఎదురు వరుసలోంచి ఎర్రిస్వామి గొంతు వినపడింది.

"ఏమప్పా రామాంజీ, నా మోటారు కాలిపాయ. నువ్వు పప్పు తింటాండావే?"

ఎర్రిస్వామి గుట్ట అవతల బోరున్న రైతు. మనిషి మంచివాడు, నోరు మాత్రం చెడ్డది. అంతమంది నవ్వుతుంటే ఆ ముద్ద మింగి, "నువ్వూ తిను, ఇద్దరం పోయి చూస్తాం" అన్నాను. తిన్నాక పోయాం కూడా.

అయినవాళ్ళతో పని ఇంకా కష్టం. మా చిన్నాయన లైను మీద కొక్కి వేసి కరెంటు లాక్కుంటే నేనే పోయి తీసేశాను. ఆయన నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఉగాది వచ్చింది. ఓళిగలు పంపించాడు, వాటితో పాటు తెచ్చిన మనిషి చేత ఒక మాట కూడా: "కొక్కి తీసినోనికి నెయ్యి తక్కువ వెయ్యమన్నాడు." నెయ్యి ఏమీ తక్కువ లేదు. అయినవాళ్ళ దగ్గర గట్టిగా ఉంటే చుట్టరికం పోతుందని భయపడకండి. కొన్నాళ్ళు అలుగుతారు, తర్వాత వస్తారు. మనం కూడా ఎటూ పోము కదా, ఎక్కడికి పోయి అలుగుతారు?

ఖాదర్ సాబ్ పోసిన నీళ్ళు

నాకు పని నేర్పింది లైన్ ఇన్‌స్పెక్టర్ ఖాదర్ సాబ్. తాడిపత్రి మనిషి. ఎప్పుడూ తల మీద టోపీ, నోట్లో వక్క. తిట్టేటప్పుడు ఉర్దూలో తిట్టేవాడు, నేర్పేటప్పుడు తెలుగులో నేర్పేవాడు. అందువల్ల నాకు తిట్లు సరిగ్గా అర్థం కాలేదు, పని మాత్రం బాగా అర్థమైంది.

"అరె రామాంజీ, తీగను నమ్మొద్దు. ఆఫీసును నమ్మొద్దు. నన్ను కూడా నమ్మొద్దు. ఫస్టు ఎర్తు పెట్టు, ఆమీద చెయ్యి పెట్టు" అనేవాడు.

చదివే వాళ్ళందరూ మా పనివాళ్ళు కాకపోవచ్చు కాబట్టి కొంచెం విడమర్చి చెబుతాను. తెగిన తీగను పట్టుకునే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర హ్యాండిల్ కిందికి దించి కరెంటు ఆపుతాం. అంతటితో సరిపోదు. తీగలన్నిటినీ ఒకదానికొకటి కలిపి భూమికి తగిలిస్తాం. ఒకవేళ ఎవరైనా తెలియక హ్యాండిల్ ఎత్తినా ఆ కరెంటు మనలోంచి కాకుండా భూమిలోకి పోవాలి. దాన్నే ఎర్తు పెట్టడం అంటాం. లైను వెంట పోయే ఎర్తు తీగ చివరికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న గుంతలో దిగుతుంది.

అయితే మా భూమి ఎలాంటిది? వానలు ముఖం చాటేసిన ఏళ్ళవి. శెనిక్కాయ వేస్తే వేసిన విత్తనం కూడా ఇంటికి రాని ఏళ్ళు. ఎండాకాలం వస్తే నేల బండ కట్టేస్తుంది. తడి లేని నేలలోకి కరెంటు దిగదు. ఖాదర్ సాబ్ ఒక మధ్యాహ్నం మా ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఎర్తు గుంత దగ్గర కూర్చుని మట్టి వేళ్ళతో నలిపి చూశాడు. పొడిపొడిగా రాలిపోయింది. తను తాగడానికి తెచ్చుకున్న సీసాలోని నీళ్ళన్నీ ఆ గుంతలో పోసేశాడు.

"సాబ్, మీకు?"

"నాకు దాహమైతే నోరు ఎండుతాది. దీనికి దాహమైతే నువ్వు పోతావు."

ఆయన రిటైరై పోయాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. రోజూ గుంతలన్నీ తడపడం ఒక మనిషి వల్ల కాదు. ఊరివాళ్ళను అడగాలి. ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని తోసుకునే ఊళ్ళో, భూమికి నీళ్ళు పోయండని అడగడానికి నాకు నోరు రాలేదు. చివరికి సుంకమ్మవ్వను అడిగాను. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. ఒంటరిది. మేకలు తోలుకుని రోజూ ఆ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే పోయేది.

"నీళ్ళు పోస్తే ఏమైతాదిరా?"

"భూమి తడిగా ఉంటే నాకు షాక్ కొట్టదవ్వా."

"అంతేనా" అని ఊరుకుంది. మరుసటి రోజు నుంచి ఆమె చంకలో చిన్న కడవ ఉండేది. తన వాటా నీళ్ళలోంచి తెచ్చి, మేకలు అటూ ఇటూ పోకుండా కర్రతో అదిలిస్తూ గుంతలో పోసేది. ఆమెను చూసి మిగతా గుంతల దగ్గర మిగతావాళ్ళు పోయడం మొదలుపెట్టారు. నేను ఆమెకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. అవ్వకు ఎవరు చెబుతారు?

తువ్వాల

ఇప్పుడు తువ్వాల సంగతి.

ఆ రోజుల్లో హ్యాండిల్‌కు తాళం వేసుకునే కొక్కెం ఉండేది గానీ తాళం ఉండేది కాదు. మూడు ఫేజుల కరెంటు వంతుల ప్రకారం వచ్చేది. వచ్చిన కాసేపట్లోనే మడి తడవాలి కాబట్టి, మోటారు ఆగితే చాలు రైతు పరుగున ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వచ్చేవాడు. హ్యాండిల్ కిందికి ఉంటే ఎత్తేవాడు. వాళ్ళను తప్పుపట్టలేను. ఎండుతున్న చేను ముందు ఎవరైనా అంతే చేస్తారు.

అందుకని నేను స్తంభం ఎక్కే ముందు భుజం మీది తువ్వాల తీసి హ్యాండిల్‌కు చుట్టేవాణ్ణి. రామాంజి తువ్వాల ఉందంటే రామాంజి పైన ఉన్నాడని అర్థం. ఎవరూ చెయ్యి పెట్టకూడదు. నేను చాటింపు వేయించింది లేదు, ఊరంతా దానంతటదే నేర్చుకుంది. కొందరు ముసలివాళ్ళయితే తువ్వాల కనపడితే అక్కడే కూర్చుని నేను దిగేదాకా బీడీ కాల్చుకునేవాళ్ళు.

హ్యాండిల్ ఇనుముకు గీసుకుని తువ్వాల ఒక మూల చినిగింది. నాగమ్మ తన పాత చీర ముక్క వేసి కుట్టింది. చిలకపచ్చ రంగు. నాకు కొంచెం సిగ్గయింది.

"ఇదేం రంగే? అందరూ నవ్వుతారు."

"నవ్వనీ బావా. నవ్వేవాళ్ళు చూస్తారు. చూస్తే చాలు" అంది.

తువ్వాల చీకిపోయి కొత్తది కొన్నప్పుడల్లా ఆ పచ్చ ముక్క విప్పి కొత్తదానికి కుట్టేది. తువ్వాలలు మారాయి, ముక్క మారలేదు.

పిల్లలూ, ఒక మాట గట్టిగా చెబుతున్నాను. తువ్వాల అనేది రక్షణ కాదు. అది మర్యాద. మర్యాదను నమ్ముకుని తీగ పట్టుకోకూడదు. ఈ మాట నాకు ఖాదర్ సాబ్ ముందే చెప్పాడు, కానీ ఎముకల్లోకి దిగింది మాత్రం ఆ రోజే.

గాలి రోజు

ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం. ఆ రోజు పొద్దుటి నుంచి గాలి. మా మెట్ట నేలల్లో గాలి లేస్తే కళ్ళు తెరవనియ్యదు. ఆ గాలికే గుట్ట అవతల తీగ తెగింది. మూడు ఫేజుల వంతు నడుస్తుండగా తెగింది కాబట్టి, అటు బోర్లున్న వాళ్ళందరికీ ఆ పూట నీళ్ళు పోతాయి. భోజనం సంగతి తర్వాత చూసుకుందామని పోయాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర హ్యాండిల్ దించి, తువ్వాల చుట్టి, గుట్ట దాటి పోయి, తీగలు కలిపి ఎర్తు పెట్టి పైకెక్కాను. మా మిద్దె కనపడని స్తంభాలని చెప్పానే, అక్కడ.

ఇక్కడి నుంచి జరిగింది నేను చూడలేదు. తర్వాత అక్కడున్నవాళ్ళ నోట విన్నది.

గాలికి తువ్వాల ముడి ఊడి కింద పడింది. సుంకమ్మవ్వ ఎప్పటిలాగే కడవతో వచ్చింది. గుంతలో నీళ్ళు పోసి వంగి లేస్తుంటే తువ్వాల కనపడింది. హ్యాండిల్ మీద ఉంటే ఆమె ముట్టుకునేది కాదు. కింద మట్టిలో పడి ఉంది. చుట్టూ చూస్తే నేను లేను. పాపం రామాంజి మర్చిపోయి ఇంటికి పోయినాడు అనుకుంది. మట్టి దులిపి, మడతపెట్టి, మేకలను కూడా వదిలేసి ఊళ్ళోకి నడిచింది.

మా ఇల్లు ఊరి మొదట్లోనే. నాగమ్మ అరుగు మీద కూర్చుని విత్తనానికి శెనిక్కాయలు ఒలుస్తోంది.

"ఇదో నాగమ్మా, నీ మొగుడు తువ్వాల పారేసుకున్యాడు. ఎవరన్నా ఎత్తకపోతారని తెచ్చినా. వాడు బువ్వ తిన్యాడా?"

నాగమ్మ ఆ పచ్చ ముక్క వైపు చూసింది.

"యాడుండె అవ్వా ఇది?"

"ట్రాన్స్‌ఫార్మర్ కాడ. కింద పడుండె."

"మనిషేడి?"

"కానరాలేదు."

నాగమ్మ లేచింది. తువ్వాల లాక్కుని పరుగెత్తింది. ఒడిలో ఉన్న శెనిక్కాయలన్నీ వీధి పొడుగునా రాలాయట. ఆమెను అలా పరుగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు. చిన్నప్పటి నుంచీ నిదానమైన మనిషి.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వచ్చేసరికి ఎర్రిస్వామి అక్కడున్నాడు. చేను ఎండుతోందని అడ్డదారిన వచ్చాడు. హ్యాండిల్ కిందికి ఉంది, తువ్వాల లేదు. అంటే పని అయిపోయింది, రామాంజి ఎత్తడం మర్చిపోయాడు అనుకున్నాడు. అతని లెక్కలో ఏ తప్పూ లేదు. చెయ్యి హ్యాండిల్ మీద వేశాడు.

నాగమ్మ పిలవడానికి కూడా ఆగలేదు.  నేరుగా పోయి, పట్టుకున్న అతని చెయ్యితో సహా హ్యాండిల్ మీద తువ్వాల వేసి రెండు చేతులతో కిందికి అదిమి పట్టుకుంది.

ఎర్రిస్వామి తువ్వాల చూశాడు. పచ్చ ముక్క చూశాడు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. తర్వాత కింద కూలబడ్డాడు.

నేను పని ముగించి, ఎర్తు తీసి, గుట్ట దాటి వచ్చాను. ఆకలి దంచుతోంది. చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మా ఆవిడ నేల మీద కూర్చుని ఒక చేత్తో హ్యాండిల్ రాడ్డు పట్టుకుని ఉంది. తలకు గుడ్డ లేదు, జుట్టు నిండా దుమ్ము. పక్కన ఎర్రిస్వామి తల పట్టుకుని కూర్చున్నాడు.  దూరంగా సుంకమ్మవ్వ మోకాళ్ళు పట్టుకుంటూ వస్తోంది.

"ఏమైంది? ఏం కూచున్నారు ఇట్ల?"

 నాగమ్మ నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది.

"ఏం కాలేదు బావా. నువ్వు బువ్వ తినలేదు, దా" అంది.

రాడ్డు మాత్రం వదల్లేదు. నేనే ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీశాను.

నేను ఎర్తు పెట్టుకునే ఎక్కాను. గుంత కూడా అవ్వ పుణ్యమా అని తడిగానే ఉంది. కాబట్టి ఎర్రిస్వామి హ్యాండిల్ ఎత్తినా బహుశా నాకు ఏమీ అయ్యేది కాదు. కానీ బహుశా అనే మాట మీద ఏ పెళ్ళామూ ఇంట్లో కూర్చోలేదు. ఆ సాయంత్రం సంగటి పక్కన పెట్టేశాను. నాగమ్మ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా వీపు నిమురుతూ వీధిలో రాలిన శెనిక్కాయల గురించి మాట్లాడింది.

ఏ.ఈ. గారి మాట

ఈ సంగతి ఆఫీసుకు చేరింది. అప్పటి మా ఏ.ఈ., అంటే అసిస్టెంట్ ఇంజనీర్ గారు, కోస్తా వైపు నుంచి వచ్చినాయన. వయసులో నాకంటే చిన్న. కిందివాళ్ళ ప్రాణాల గురించి నిజంగా భయపడే మనిషి, అటువంటి ఆఫీసర్లు తక్కువ. నన్ను పిలిపించి కూర్చోమన్నాడు.

"రామాంజీ, నిన్ను మడకశిర వైపు పంపించమని రాస్తున్నాను. కోపంతో కాదు. ఇక్కడ నీకు అందరూ అవ్వలూ మామలే. వాళ్ళ ప్రేమే నిన్ను చంపేసేది. కొత్తచోట ఎవరూ నీ తువ్వాలు ముట్టుకోరు."

"కొత్తచోట నా తువ్వాల ఎవరిదో ఎవరికీ తెలీదు సార్."

"అందుకే తాళం వేసుకుంటావు."

 ఆయన చెప్పింది సరైనదే. మడకశిర అంటే మా జిల్లాకు ఆ కొస. బస్సులు మారి పోవాలి, సగం మాటలు కన్నడం. అక్కడ స్తంభమెక్కితే ఎవరి మిద్దె కనపడుతుంది నాకు? లేచి వస్తూ అన్నాను.

"ఊరి వల్లనే ప్రాణం మీదికొచ్చింది సార్, కాదనను. కానీ పరిగెత్తుకుంటా వచ్చింది కూడా ఊరి నుంచే. మడకశిరకు నాగమ్మ ఎంతసేపటికి పరిగెత్తుతాది?"

ఆయన కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. నేను వచ్చేశాను. ఆర్డరు వస్తుందనే అనుకున్నాను. స్తంభం ఎక్కినప్పుడల్లా మిద్దె వైపు ఇంకాస్త ఎక్కువసేపు చూసుకునేవాణ్ణి. భయమేసేది. షాక్ కొడుతుందని ఏనాడూ అంత భయపడలేదు.

ఎండిన గుంత

నా పరిస్థితి ఇలా ఉంటే అవతల సుంకమ్మవ్వ మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. తిండి మానేసింది. మేకలను పక్కింటివాళ్ళు తోలుకుపోతున్నారు. నేను పోతే గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఈ చేత్తోనే నిన్ను సంపుకుందును గదరా. ఎత్తుకున్న చేత్తోనే."

"ఏం కాలేదు గదవ్వా."

"నాగమ్మ రాకుంటే?"

ఓదార్పు మాటలు నాకు చేతకావు.  ఉన్నమాట చెప్పాను.

"అవ్వా, గుంత ఎండిపోయింది. నువ్వు రాకపోయినప్పటి నుంచి ఎవరూ నీళ్ళు పోయలేదు. రేపు ఆ లైను మీద పని ఉండాది. నువ్వు పోస్తేనే ఎక్కుతా, లేకుంటే లేదు."

ఆమె మెల్లగా ఇటు తిరిగింది.

"ఎవరూ పోయలేదా?"

"లేదు."

"మట్టి ఎట్లుండాది?"

"బూడిద మాదిరి."

"థూ, ఊరేనా ఇది" అని లేచి కూర్చుంది. కడవ ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఆ పూటే నా ఎదురుగా ఇంత సంగటి తినింది.

మరుసటి రోజు ఏ.ఈ. గారు జీపులో వచ్చాడు. జరిగిన చోటు ఒకసారి చూస్తేనే గానీ సంతకం పెట్టబుద్ధి కావడం లేదన్నాడు. మేం పోయేసరికి అవ్వ గుంత దగ్గర ఉంది. ఆయన ఆగి చూశాడు.

"ఏమ్మా, ఆ నీళ్ళు ఎక్కడివి?"

"ట్యాంకరువి సామీ. నా వాటా."

"మరి నీకు తాగడానికి?"

"నాకెంత గావాల, ఒక్క మనిషికి. వాడు పైన పనిచేస్తాడు, వానికి గావాల." తర్వాత నన్ను చూసి, "వీన్ని యాడికో పంపిస్తారంట గదా. ఆడ వీనికి నీళ్ళెవరు పోస్తారో కనుక్కోని పంపించు సామీ" అంది.

ఏ.ఈ. గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. గాలి దుమ్మే కావచ్చు. జీపులోంచి ఒక ఇత్తడి తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. తాడిపత్రి బజార్లో ఆయనే కొన్నాడట.

"ఇది వేయకుండా నువ్వు స్తంభం ఎక్కితే ఆ రోజే మడకశిర" అన్నాడు.

అంతే. ఆర్డరు రాలేదు. ఆ రోజు నుంచి తాళం వేయకుండా నేను ఎక్కింది లేదు. తాళం వేసి, దాని పైన తువ్వాల కట్టేవాణ్ణి, ఈసారి రెండు ముళ్ళు వేసి. తాళం ఏ.ఈ. గారి కోసం, తువ్వాల ఊరి కోసం.

పచ్చ ముక్క

సుంకమ్మవ్వ నా రిటైర్మెంటు చూడలేదు. ఆమె పోయాక ఎర్రిస్వామి పెళ్ళాం ఆ గుంతకు నీళ్ళు పోస్తోంది. ఎవరూ చెప్పలేదు.

నా చోట్లోకి లోకేశు అనే అబ్బాయి వచ్చాడు. గుత్తి వైపు వాడు. మా ఊళ్ళోనే గది తీసుకున్నాడు. నెమ్మదస్తుడు. ఎర్తు పెట్టడం, తాళం వేయడం అన్నీ దగ్గరుండి చూశాను, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. తువ్వాల సంగతి మాత్రం చెప్పలేదు. అది నాదీ మా ఊరిదీ అనుకున్నాను.

ఒకరోజు పొద్దున చేని వైపు పోదామని భుజానికి తువ్వాల కోసం చూస్తే దండెం మీద లేదు. నాగమ్మను అడిగితే, "యాడనో ఉంటాది, చూసుకో బావా" అంది. ఇంట్లో పనేదో ఉన్నట్టు లోపలికి పోయింది. విసుక్కుంటూ ఒట్టి భుజంతోనే బయలుదేరాను.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. హ్యాండిల్ దించి ఉంది. తాళం వేసి ఉంది. తాళం పైన నా తువ్వాల, రెండు ముళ్ళు వేసి. చిలకపచ్చ ముక్క ఎండలో మెరుస్తోంది.

నాగమ్మ నా వెనకాలే వచ్చిందని నాకు తెలియదు.

"నేనే ఇచ్చినా" అంది. "కొత్త తువ్వాలైతే ఎవరిదో ఏమో అనుకుంటారు. దీన్నైతే ఊరంతా ఎరుగు. ఆ పిల్లోనికి ఈడ ఎవరుండారు చెప్పు?"

 గుంత దగ్గర మట్టి తీసి వేళ్ళతో నలిపి చూశాను, తడిగా ఉంది. నేల మీద కూర్చున్నాను. నాగమ్మ కూడా, ఆ రోజు కూర్చున్న చోటే, పక్కన కూర్చుంది. అక్కడి నుంచి మా మిద్దె కనపడుతోంది.

బోరు కొట్టలేదా అని అడిగిన పిల్లవాడికి నా జవాబు ఇది.

చాలాసేపటికి లోకేశు గుట్ట దాటి వచ్చాడు. మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు.

"ఏమైందన్నా? ఏం ఈడ కూచున్నారు?"

"ఏం కాలేదు నాయనా" అన్నాను. "నువ్వు బువ్వ తినింటావా లేదా అని. దా, ఇంటికి పోదాం."